వైకుంఠరావు ఆయుధ సేకరణ

పలాస జీడిపప్పు వర్తకులలో వైకుంఠరావు అంతటివాడు మరొకడు లేడని వైకుంఠరావు అభిప్రాయం. ఈ అభిప్రాయంతో ఏకీభవించేవారు ఇంకా కొందరు ఉన్నారు గానీ, వారందరూ ఆయన దగ్గర జీతం పుచ్చుకునేవారే కావడం వల్ల చరిత్రకారులు ఆ సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకోరు. పప్పును వెలుగుకెత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకొని, ఆఖరున ముందరిపళ్లతో చిన్నగా కొరికి దాని జాతకం చెప్పగల దిట్ట ఆయన. కాశీబుగ్గ బజారులో ఆయన నడుస్తుంటే స్కూటర్లు పక్కకు తప్పుకునేవి. ఆయన నడిరోడ్డు మీద నడవడమే అందుకు కారణమని గిట్టనివాళ్లు అనేవారు.

ఇంతటి ప్రభువుకూ ఏటికొక రోజు కిరీటం దిగిపోయేది. ఆ రోజున ఆయన చొక్కా విప్పి, తువ్వాలు నడుముకు చుట్టి, మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకొని, గోనెసంచి మీద కూర్చొని, బంధుజనం అందరూ చూస్తుండగా పనసపండు కోసేవాడు.

దీనికి కారణం ఒక తుఫాను. తిత్లీ వచ్చినప్పుడు పూండిలో ఆయన అత్తవారి తోటలో కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ నేలకు ఒరిగిపోయాయి. ఒక్క పనసచెట్టు మాత్రం నిలబడింది. మరుసటి వేసవికి అది కాయలు కాసింది. దాని తొలిపండును ఏటేటా కుటుంబమంతా ఒకచోట కూర్చొని తినాలని పెద్దలు కన్నీళ్లతో తీర్మానించారు. తీర్మానం గొప్పదే, కానీ పండు కోసేది ఎవరు? పనసజిగురు ఒకసారి మీసానికి అంటితే ఆ మీసంతోనే పోతుందని ఎరిగిన మగవాళ్లందరూ ఆకాశం వైపు చూశారు. అప్పుడు వైకుంఠరావు బావమరిది సీతారాం ఒక ఉపాయం చెప్పాడు. తన కొబ్బరికాయల గోదాములో ఒక టేబుల్ టెన్నిస్ బల్ల ఉంది. బావా బావమరుదులు ఆడాలి. ఓడినవాడు కోయాలి. కాలేజీ రోజుల్లో కప్పు గెలిచిన వైకుంఠరావు ఆ పందేన్ని నవ్వుతూ ఒప్పుకున్నాడు.

ఆ నవ్వు అదే ఆఖరు. నాటినుంచి కోస్తున్నది ఆయనే.

సీతారాం బలశాలి కాడు, చురుకైనవాడూ కాడు. ఉన్నచోటనే దిమ్మలా నిలబడి ఆడతాడు. కానీ అతని బేటుకు ఒకవైపు రబ్బరు నున్నగా ఉండదు. పొడుగాటి మొటిమలు ఉంటాయి. బంతికి మీరు ఎంత తిప్పుడు పెట్టి పంపితే ఆ మొటిమలు దాన్ని అంత తలకిందులు చేసి మీకే తిరిగి అప్పగిస్తాయి. తాను చేసిన పాపం తన బల్ల మీదనే వచ్చి పడుతుంటే వైకుంఠరావు ఏటేటా నోరు తెరుచుకొని చూసేవాడు.

ఈ ఏడు సంగతి వేరు. మాఘమాసంలో కూతురు చందన పెళ్లయింది. విశాఖపట్నంలో ఇంజనీరుగా ఉన్న కొత్త అల్లుడు గౌతమ్ మొదటిసారి పనసపండు పండగకు వస్తున్నాడు.

“అల్లుడు ముందర పండు కోత్తే ఏటయిపోద్ది? సెయ్యి అరిగిపోద్దేటి?” అంది భార్య జానకి.

“నీకు తెల్దు, జానకీ. అల్లుడు కంట్లో మొదట ఏ రూపు పడితే అదే ఉండిపోద్ది. నూనె సేతుల మావగారిగా నేను ఉండిపోలేను.”

“అయితే గెలవండి.”

“గెలవడానికే కొత్త బేటు కొంటన్నాను.”

“సేతిలో ఉన్న లోపం బేటు మారిస్తే పోద్దా?” అని జానకి బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ అడిగింది. ఆమె సీతారాముకు స్వయానా అక్క. యుద్ధంలో ఆమె తటస్థంగా ఉండేది. అనగా ఇరుపక్షాలనూ సమానంగా వెక్కిరించేది.

ఆయుధ సేకరణకు వైకుంఠరావు టెక్కలి వెళ్లాడు. అక్కడ బాప్టిస్టు చర్చి పక్క సందులో షైని అనే అమ్మాయికి ఆటసామాన్ల దుకాణం ఉంది. జిల్లా తరఫున ఆడిన పిల్ల. సాయంత్రాలు బళ్లో ఆడపిల్లలకు ఆట నేర్పుతుంది. ఎదుటివాడు ఎంతటివాడైనా మొహమాటం లేకుండా మాట్లాడుతుంది. ఆమె తండ్రి వైకుంఠరావుకు పాత స్నేహితుడు కాబట్టి ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

“పూర్తి బేటు వద్దు బాబాయ్. కర్ర వేరే, రబ్బర్లు వేరే తీసుకోండి, నేను అంటించిత్తాను,” అంటూ ఆమె ఒక బ్లేడు తీసి ఆయన చేతిలో పెట్టింది. రబ్బరు అంటించని వట్టి కర్రను బ్లేడు అంటారని ఆయనకు అప్పుడే తెలిసింది. వెలుగుకెత్తి చూశాడు. వాసన చూశాడు. అలవాటు చొప్పున దాని అంచును ముందరిపళ్ల దగ్గరకు తీసుకుపోయాడు.

“ఆగండాగండి! అది కొరికి సూసీది కాదు!”

వైకుంఠరావు దాన్ని హుందాగా కిందికి దించి, తాను ఆవులించబోయినట్టు నటించాడు.

“ఇది కాంపోజిట్టు బాబాయ్. మజ్జిన మెత్తటి కర్ర. దానికి అటూ ఇటూ కార్బను దారాల నేత. దాని మీద మళ్లీ కర్ర పొరలు. దారాల నేత పైపొరకి అంటుకొని ఉన్న బ్లేడులు కూడా ఉన్నాయి గానీ అవి మరీ దూకుడు, కుర్రోళ్లకే పనికొత్తాయి. ఇందులో నేత లోపలుంది. మెల్లగా తడితే వట్టి కర్రలాగే ఉంటాది. గట్టిగా కొడితే అప్పుడు నేత లేత్తాది, బంతిని తోలుతాది.”

“ధర?”

షైని ధర చెప్పింది. వైకుంఠరావు కనుబొమలు పైకి లేవలేదు. అది ఆయన విషయంలో సంతోషానికి గుర్తు.

“పేరున్న కంపెనీదయితే దీనికి మూడింతలు. ఇది పేరు లేనిది. పని అదే సేత్తది.”

ఈ మాట వర్తకుడి గుండెను తాకింది. డబ్బా మీద బొమ్మ లేని పప్పును బొమ్మ ఉన్నవాడికి అమ్మి, అతడు బొమ్మ వేసి నాలుగింతలకు అమ్ముకోవడం జీవితమంతా చూసినవాడాయన. బ్లేడు కొనేశాడు. అంతవరకూ ఆయన బుద్ధికి లోకం జోహార్లు చెప్పవలసిందే.

అయితే బ్లేడు దగ్గర మిగిలిన డబ్బు ఆయన జేబులో కదలడం మొదలుపెట్టింది. రబ్బర్ల పొట్లాల మీద ఒక్కొక్కదానికీ వేగం ఇంత అని అంకెలు వేసి ఉన్నాయి. అంకెలు చూడగానే ఆయన ముఖం వికసించింది. ఇంతసేపూ పరాయి దేశంలో తిరిగిన మనిషికి సొంత ఊరి బస్సు కనబడినట్టయింది.

“గ్రేడులున్నాయన్నమాట! ముందే సెప్పవేటి? అన్నిటికన్నా పై గ్రేడు తియ్యి. రెండేపులా. కింద స్పాంజి కూడా బాగా మందంది.”

“బాబాయ్, అవతల మొటిమల రబ్బరు అన్నారు గదా. అసలు మీరు ఆడీది ఎలగ...”

“షైనీ, బొడ్డూడిన కాణ్నుంచీ పప్పు గ్రేడు సేత్తన్నాను. పై గ్రేడు పై గ్రేడే.”

షైని ఆయన ముఖం ఒకసారి చూసి, జిగురు సీసా తీసింది. “అంటించేత్తాను. పీకీడానికి కూడా నా కాడికే రండి,” అంది.

పలాసలో వైకుంఠరావు పప్పు గోదాము నడుమ కూడా ఒక టేబుల్ టెన్నిస్ బల్ల ఉంది. మూతపడిన క్లబ్బు నుంచి చవకగా వచ్చింది. పగలంతా దాని మీద ఆడవాళ్లు విరగని గుండు, రెండుగా చీలిన బద్ద, చితికిన ముక్క వేరుచేసి కుప్పలు పోస్తారు. సాయంత్రం కుప్పలు పక్కకు జరిపి, పప్పు పొట్టు తుడిచి, వల కడతారు. కొత్త ఆయుధానికి తొలి ప్రయోగం అక్కడే జరిగింది. ఎదుట నిలిచింది గుమాస్తా రామూర్తి.

యజమానిని ఓడించడం ఉద్యోగానికి క్షేమం కాదని ఎరిగిన రామూర్తి శాయశక్తులా ఓడిపోవాలని ప్రయత్నించాడు. కానీ ఎదుటివాడి బంతి బల్ల మీద పడనే పడకపోతే ఓడిపోవడం ఎలా? వైకుంఠరావు ఇలా తాకించేసరికి అది అలా పైకప్పు రేకు దాకా పోయింది. మెత్తగా నెడదామనుకుంటే కిటికీలోంచి పోయింది. మూడోది పోయి తెల్లటి గుండుపప్పు కుప్పలో పడి మాయమైంది. కుప్ప దగ్గర కూర్చున్న అప్పలమ్మ, గోదాములో అందరికన్నా పాత మనిషి, చెయ్యి పెట్టి వెతికి దాన్ని పైకి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

“బాబూ, ఈ గుండు మరీ పెద్దది. ఏ గ్రేడులో ఎయ్యమంటారు?”

గోదాము గోదామంతా గొల్లుమంది. రామూర్తి మాత్రం నవ్వలేదు. గోడ వైపు తిరిగి దగ్గాడు.

సరిగ్గా ఆ వేళకే సీతారాం లోపలికి వచ్చాడు. కొబ్బరికాయల లోడు దింపించి, అక్కను చూసి పోదామని వచ్చానన్నాడు. వేగులవాళ్లు ఎప్పుడూ అలాగే అంటారు. బల్ల మీది బేటు తీసుకొని చెవి దగ్గర పెట్టుకొని వేలితో టిక్కుటిక్కుమని కొట్టాడు. కొబ్బరికాయ లోపలి గుట్టు అతను అలాగే చెబుతాడు.

“బావా, కాయ బాగా ముదిరిందే! నీళ్లే లేవు.”

“నీళ్లు నీ కళ్లంట తెప్పిత్తాను. రా, ఆడు.”

సీతారాం లుంగీ ఎగ్గట్టి, సంచిలోంచి తన మొటిమల బేటు తీశాడు. అక్కను చూసి పోవడానికి వచ్చిన తమ్ముడి సంచిలో బేటు ఎందుకున్నదని ఎవరూ అడగలేదు. ఆట ఎంతోసేపు సాగలేదు. వైకుంఠరావు విసిరిన అస్త్రాలు అన్ని దిక్కులకూ పోయాయి, సీతారాం ఉన్న దిక్కుకు తప్ప. అతడు చాలాసార్లు బేటు ఎత్తనే లేదు. బంతి తన మీదుగా పోతుంటే చెయ్యెత్తి టాటా చెప్పాడు.

“కత్తి నేను నూరించి ఉంచమంటావా బావా, నువ్వే తెచ్చుకుంటావా?” అని అడిగి, అక్క పెట్టిన ఫలహారం తిని, రెండోసారి కూడా వేయించుకొని తిని, వెళ్లిపోయాడు.

ఆ రాత్రి వైకుంఠరావు అన్నంలో నెయ్యి వేసుకోలేదు. పొట్లం మీది అంకె అబద్ధం చెప్పిందా? ఆయన లోకంలో అంకె అబద్ధం చెప్పదు. అల్లుడి ముందు గోనెసంచి, నూనెచేతులు, సీతారాం ఇకిలింపు ఒక్కొక్కటే ఆయన కళ్లముందు ఊరేగాయి.

జ్ఞానోదయాలు మహాత్ములకు అడవులలో అవుతాయి. వైకుంఠరావుకు కొట్టులో, బేరం నడుమ అయింది.

కోటబొమ్మాళి నుంచి తిరుమలరావు అనే మిఠాయి దుకాణదారు వచ్చి, కొత్తగా కొట్టు పెద్దది చేశాననీ, ఇక తక్కువ సరుకు ముట్టుకోననీ చెప్పి, పై గ్రేడు గుండు బస్తాల లెక్కన కావాలన్నాడు.

“దేనికి?” అన్నాడు వైకుంఠరావు. ఎంత పెద్ద ఖాతాదారు వచ్చినా ఆయన మొదట అడిగే మాట అదే. ఆ కొట్టుకు ఉన్న పేరంతా ఆ మాట మీదనే నిలబడింది.

“కాజూబర్ఫీకండి.”

“రుబ్బీదానికి గుండేటయ్యా!” వైకుంఠరావు ధర్మాసనం ఎక్కాడు. “ఇలాగ పట్టికెళ్లి అలాగ రుబ్బీత్తావు. రుబ్బినాక గుండూ ముక్కా ఒకటే గదా! నీకు ముక్క సాలు. పులావులో పైకి కనబడాలంటే గుండు తీసుకో. పాకం పట్టాలంటే బద్ద తీసుకో, పాకం బాగా పడతాది. పై గ్రేడు, కింద గ్రేడు అని లేదయ్యా తిరుమలరావూ! పనిని బట్టి గ్రేడు గానీ, గ్రేడుని బట్టి...”

అక్కడ ఆయన ఆగిపోయాడు.

వర్తకుడి నోరు తెరిచే ఉంది. కళ్లు మాత్రం ఎక్కడో టెక్కలి వైపు ఉన్నాయి.

“గ్రేడుని బట్టి... ఏటండీ?”

“రామూర్తీ! ఈనకి ముక్క తూయించు. నేను బేగి టెక్కలి ఎళ్లి వత్తాను,” అంటూ ఆయన చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయటికి నడిచాడు.

షైని ఆయన్ని చూడగానే రబ్బరు పీకే సన్నటి గరిటెలాంటిది ఒకటి తీసి బల్ల మీద పెట్టుకొని చెయ్యి చాచింది. వైకుంఠరావు బేటు అందించి, స్టూలు మీద కూర్చొని, జీవితంలో మొదటిసారిగా ఖాతాదారు గొంతుతో అన్నాడు:

“అమ్మా షైనీ, నువ్వు నన్ను దేనికి అని అడగాల.”

“అడగబోతే అడగనిచ్చారేటి? సరే, ఇప్పుడు సెప్పండి. దేనికి?”

ఆయన చెప్పాడు. దాచకుండా చెప్పాడు. కుడిచేతివైపు బంతిని కింద నుంచి పైకి రాస్తూ తిప్పి కొట్టడం తనకు ఇష్టం. ఎడమవైపు ధైర్యం తక్కువ. ఊరికే అడ్డం పెడతాడు. పరుగెత్తలేడు. అవతలివాడు మొటిమలు పెట్టుకొని దిమ్మలా నిలబడతాడు.

“బ్లేడు మీకు బంగారంలాటిది బాబాయ్, దాన్ని మార్చక్కర్లేదు. కార్బను ఎలాగూ తోలుతాది గదా, మళ్లీ రబ్బరు కూడా తోలితే బంతి బల్ల మీద ఉంటాదేటి? ఒకడు తోలాల, ఒకడు పట్టుకోవాల. ఫోర్‌హ్యాండుకి ఇదిగో, పైన కాస్త జిగురుండీ రబ్బరు. నిదానంది గానీ బంతిని పట్టి తిప్పుతాది. ఎడమేపు మెత్తటిది, స్పాంజి పల్చన. అడ్డం పెడితే అక్కడే ఉంటాది.” రెండూ మునుపటివాటికన్నా చవక. వైకుంఠరావు దాన్ని అవమానంగా తీసుకోలేదు. మునుపటి రబ్బర్లను షైని సగం ధరకు తీసుకుంది. మెరుపులా ఆడే పిల్ల ఒకతె తన దగ్గర ఉందనీ, వాటికి తగిన పని అక్కడ ఉందనీ చెప్పింది.

“ఇంకోటి బాబాయ్. మొటిమలకి మీరు ఎంత స్పిన్ను ఇత్తే అంతా తిప్పి మీకే ఇచ్చెత్తాది. ఏటీ ఇవ్వకండి. ఖాళీ బంతి పంపండి. ఖాళీదే వత్తాది. అది కాస్త పైకి లేసినప్పుడు మీ ఇట్టం.”

ఆ తరువాతి సాయంత్రాలలో రామూర్తికి ఓడిపోయే అవకాశం మెల్లమెల్లగా లభించసాగింది. ఒకనాడు అతను నిజంగా గెలవాలని ప్రయత్నించి కూడా ఓడిపోయాడు. అప్పలమ్మ పప్పుకుప్పలో బంతి పడక చాలా రోజులైందని కాస్త విచారంగా అంది.

పండగనాడు కుటుంబమంతా పలాసలో రైలెక్కి పూండిలో దిగింది. సీతారాం గోదాము కొబ్బరిపీచు వాసనతోనూ, సముద్రపు గాలితోనూ, బంధువులతోనూ నిండి ఉంది. గుమ్మం పక్కన అరటాకుల మీద తొలిపండు దుర్గంలా కూర్చొని ఉంది. దాని పక్కనే కత్తి, నూనెగిన్నె, గోనెసంచి. సంచిని బావకోసం దులిపించి మరీ వేయించాడు సీతారాం.

పాయింట్లు చెప్పే బాధ్యత గౌతమ్‌కు అప్పగించారు. మామగారు బేటు తీయగానే అతను లేచి నిలబడ్డాడు. ఆ మర్యాద వైకుంఠరావు భుజాల మీద బస్తాలా పడింది.

సీతారాం బావ బేటు అందుకొని మళ్లీ చెవి దగ్గర కొట్టి చూశాడు. ఈసారి కనుబొమలు ముడిచి తిరిగి ఇచ్చేశాడు.

యుద్ధం మొదలైంది. వైకుంఠరావు ఖాళీ బంతులు పంపాడు. వాటిలో వేగం లేదు, తిప్పుడు లేదు, విశేషం లేదు. సీతారాం మొటిమలు ఎదుటివాడి సొమ్ము మీద బతికేవి. ఇప్పుడు వాటికి సొమ్ము అందలేదు. తిరిగివచ్చిన బంతీ ఖాళీదే. అది వలమీద కాస్త లేచినప్పుడల్లా పలాస ప్రభువు కింద నుంచి పైకి ఒక్క రాపు రాసేవాడు. రబ్బరు బంతిని ఒక్క క్షణం పట్టుకొని ఉంచినట్టు అరచేతికి తెలిసేది. ఆ వెనుక లోపలి నేత మేలుకొని తోలేది.

“ఏటి బావా, సప్పిడిగా ఆడుతున్నావు? పత్తెం సేత్తన్నావేటి?”

“నీకే పత్తెం పెడతన్నాను. తిను.”

“సీతారామూ, నోరు తగ్గించి కాళ్లు కదుపు!” అని జానకి అరిచింది. వెంటనే భర్త వైపు తిరిగి, “మీరూ బొజ్జ లోపలికి లాగండి, వల తెగిపోద్ది!” అంది.

ఆటలు చెరిసగం అయ్యాయి. ఆఖరి ఆట చివరిదాకా వచ్చి సమానమైంది. వైకుంఠరావు ఒకటి గెలిచి ముందుకెళ్లాడు. ఇంకొక్క పాయింటు చాలు. సీతారాం తన జన్మలో లేనిది, అడుగు కదిపి ముందుకు వచ్చి నున్నటివైపుతో బంతిని ఎడమ మూలకు కొట్టాడు. ధైర్యం లేని మూల అది. వైకుంఠరావు కళ్లు మూసుకొని బేటు అడ్డం పెట్టాడు. మెత్తటి రబ్బరు, పల్చటి స్పాంజి ఆ దెబ్బను మింగి, బంతిని వల దాటించి అవతల నిద్రపుచ్చాయి. సీతారాం దానిమీదికి దూకాడు గానీ, దూకడం అలవాటు లేని దేహం కావడం వల్ల కొబ్బరికాయల కుప్ప మీద ఆగాడు.

“మావయ్య గెలిచారు!” అన్నాడు గౌతమ్. అతని గొంతులో నిష్పక్షపాతం ఏ కోశానా లేదు. చందన ఈల వేసింది. వైకుంఠరావు కళ్లు తెరిచి, ఏం జరిగిందో పక్కవాళ్లను అడిగి తెలుసుకొని, తరువాత విజయగర్వంతో నిలబడ్డాడు.

ఇక కుర్చీలో కూర్చొని, కాలు మీద కాలు వేసుకొని, అల్లుడి పక్కన, బావమరిది పండు కోస్తుంటే చూడడం మిగిలింది. ఈ ఘడియ కోసం ఆయన ఎన్ని వేసవులు ఎదురుచూశాడు!

ఆ సుఖం మొదటి గాటు దాకా నిలిచింది. సీతారాం చేతులకు నూనె రాసుకున్నాడు గానీ కత్తికి రాయలేదు. పండును అడ్డంగా నరికాడు. జిగురు కత్తికీ, కత్తి వేళ్లకూ, వేళ్లు మీసానికీ అంటుకున్నాయి. తొనలు తీయబోయి చిదిపాడు. బంగారంలాంటి తొన ఒకటి రెండు చెక్కలై గోనెసంచి మీద పడింది. గుండు పగిలి బద్ద అవుతుంటే ఏ పలాస వర్తకుడైనా ఓర్చుకోగలడా? వైకుంఠరావు కాలు మీది కాలు దిగింది. ఇంకో తొన చిదికింది. కుర్చీ కిర్రుమంది.

“లే! లెగరా అక్కడ్నుంచి! పండుని సంపెత్తన్నావు! కత్తికి నూనె రాయవేటి?”

“నువ్వు గెలిసినావు గదా బావా. కూకో.”

“గెలిసినవోడి మాట ఇనాల. లే!”

చొక్కా విప్పాడు. తువ్వాలు చుట్టాడు. కత్తికి రెండువైపులా నూనె పట్టించి, తొడిమ నుంచి నిలువుగా ఒక్క గాటు పెట్టి, రెండు చేతులా విప్పాడు. పండు పువ్వులా తెరుచుకుంది. నడిమి దూటను ఒక్క వాలుకోతతో తీసి, అందులోంచి కారిన జిగురును ఆకుతో తుడిచేసి, తొనల్ని ఒక్కటీ చిట్లకుండా వరుసగా ఆకుల మీద పేర్చుకుంటూ పోయాడు. చేయి ఎక్కడా ఆగలేదు. బంధువులు దగ్గరికి జరిగి చూశారు. గౌతమ్ కుర్చీ దిగి వచ్చి గోనెసంచి పక్కన గొంతుకూర్చున్నాడు.

“మావయ్యా, ఇంత బాగా కోయడం ఎక్కడ నేర్చుకున్నారు?”

“మా తమ్ముడు నేర్పినాడు, ఏటేటా,” అంది జానకి.

సీతారామే అందరికన్నా గట్టిగా నవ్వాడు. వైకుంఠరావు మోచేతుల దాకా నూనెతో, అన్నిటిలోకీ పెద్ద తొన ఎంచి అల్లుడి నోటికే అందించాడు. తాను వెరచిన రూపంలోనే అల్లుడి కంట్లో పడ్డానని ఆయనకు సాయంత్రం దాకా తట్టలేదు. తట్టినప్పుడు కూడా, అడిగి మరీ ఇంకొక పండు తెప్పించుకొని కోశాడు.

మీసానికి నూనె రుద్దుకుంటూ సీతారాం మెల్లగా బావ పక్కకు చేరాడు.

“బావా, ఆ బేటు ఎక్కడ సేయించినావు? నాకూ అలాటిది కావాల.”

“దేనికి?” అన్నాడు వైకుంఠరావు, వృత్తిధర్మం తప్పకుండా.

“దేనికేటి? వచ్చీ ఏడు నీ సంగతి సూడ్డానికి.”

వైకుంఠరావు తొన గింజ తీసి పక్కన పెట్టాడు. ఆయన ముఖంలో వాత్సల్యం పొంగింది.

“టెక్కలిలో షైని కొట్టుకి ఎల్లు. పొట్లాల మీద అంకెలుంటాయి. అన్నిటికన్నా పై గ్రేడు అడుగు. రెండేపులా. స్పాంజి కూడా బాగా మందంది ఎయ్యించుకో. ఆ పిల్ల ఏదో సెప్తాది గానీ, ఇనకు.”